లూర్దులో జోలా

స్వస్థత సభల మీద మనవాళ్ళు రాసిన కథల్లో రోగి చివరికి చనిపోవడం ఆనవాయితీ. ఇరవై ఏళ్ళ క్రితం నేనూ అలాంటి కథ ఒకటి రాశాను. ఎమిల్ జోలా 'లూర్దు' (1894) నవల చదివాక ఆ కథ నన్ను ఇబ్బంది పెడుతోంది.

ఫ్రాన్సులోని లూర్దు గుహలో మేరీమాత కనిపించిందని బెర్నాడెట్ సుబీరూ అనే పద్నాలుగేళ్ళ పేదపిల్ల 1858లో చెప్పింది. అక్కడి ఊటనీటితో రోగాలు నయమవుతాయని జనం విరగబడ్డారు. 1892 ఆగస్టులో ఆ జనంలో జోలా కూడా ఉన్నాడు.

అప్పటికే, 1883 నుంచి, అక్కడొక వైద్య పరిశీలన కార్యాలయం ఉంది. తూకపురాళ్ళు మాత్రం అంతకన్నా పాతవి. తర్వాత 14వ బెనెడిక్ట్ పోపు అయిన లాంబర్తీని 18వ శతాబ్దంలోనే వాటిని రాసిపెట్టాడు. జబ్బు తీవ్రమైనదై ఉండాలి, దానంతటది తగ్గుముఖం పట్టి ఉండకూడదు, మందు వల్ల కుదిరి ఉండకూడదు, హఠాత్తుగా, పూర్తిగా నయమై తిరగబెట్టకూడదు. వేలమంది మాకు నయమైందన్నా, ఇప్పటిదాకా చర్చి ఒప్పుకున్న అద్భుతాలు డెబ్బై పైచిలుకే. ఈ విషయంలో చర్చి మనకన్నా పిసినారి!

ఆ కార్యాలయంలోనే జోలా మరీ లెబ్రాంషూను చూశాడు. ముదిరిన క్షయ, ఊటలో స్నానం చేశాక నయమైందన్నారు. నవలలో ఆమె లా గ్రివొత్ అయింది. తిరుగు రైలులోనే ఆమెకు జబ్బు తిరగబెడుతుంది. అసలు మనిషికి తిరగబెట్టలేదు. 1908లో చర్చి ఆమె స్వస్థతను అద్భుతంగా గుర్తించింది కూడా. కార్యాలయం పెద్ద డాక్టర్ బువస్సారీ నిలదీస్తే, పాత్రలు తనవని జోలా జవాబిచ్చాడంటారు.

పాత్రలు ఆయనవే, కాదనను. కానీ పరిశీలనే నవలకు పునాది అని జీవితమంతా వాదించినవాడు ఆయన! అనుమానించడానికి దారి లేకపోలేదు. కోహ్ క్షయ క్రిమిని కనిపెట్టి అప్పటికి పదేళ్ళే. ఎక్స్‌రే ఇంకా రాలేదు. మందు లేకుండానే క్షయ కొందరిలో సద్దుమణిగేది. రోగనిర్ణయం ఎంత గట్టిదని అడిగి ఉంటే చాలు. ఆ పని మరో పాత్ర విషయంలో చేశాడు కూడా. కాళ్ళు పడిపోయిన మరీ ద గెర్సాంకు ఎలా నయమవుతుందో ఒక డాక్టరు ముందే చెబుతాడు. అక్షరాలా అలాగే జరుగుతుంది. నవలలో నన్ను నిజంగా ఒప్పించిన ఘట్టం అదే. రోగుల రైలు వర్ణన సంగతి సరేసరి.

నా కథకు ఆధారమైన మనిషి మా వీధిలోనే ఉండేది. సభ నుంచి వచ్చాక ఆమెకు నిజంగానే నెమ్మదించింది. ఎందుకో నేను ఏ డాక్టరునూ అడగలేదు, ఆమెనూ అడగలేదు. కథ అచ్చయ్యాక కూడా చాలా ఏళ్ళు మా ఇంటికి పాలు పోసింది.