ముక్కు తెరచిన పడవ

లారీలోనికి జీపు నెక్కింపవలసినప్పుడు మనము వాలుబల్లను వెదకుదుము. బల్ల పొడవైనకొలది ఎక్కుట సులువు, కురచయైనకొలది కష్టము. బండి తోలువారందఱు ఎఱిగిన సంగతియే. కాని పడవకు అట్టి బల్ల నమర్చుటకు అమెరికా వారి కెంతకాలము పట్టినదో తెలిసికొన్నచో మనకు వింత కలుగును.

1937లో షాంఘై యుద్ధమున జపాను సేనల పడవలను అమెరికా మెరీన్ దళపు యువాధికారి విక్టర్ క్రూలక్ చూచెను. వాని ముందుభాగమే వాలుబల్లయై తీరముమీదికి దిగుచుండెను. ఆతడు ఛాయాచిత్రములతో నివేదిక పంపెను. అది వాషింగ్టనులో కాగితముల నడుమ పడియుండెను. ఏ దేశమునందైనను కచేరీల తీరు ఇంతే కదా!

ఆ రోజులలో న్యూ ఆర్లియన్సులో ఆండ్రూ హిగ్గిన్స్ కట్టిన పడవలనుండి సైనికులు ప్రక్క అంచులు దాటి దూకవలసివచ్చెడిది. దూకుచున్నంతసేపు శత్రువునకు వారు గురియే. జీపును దింపుటమాట చెప్పనక్కఱలేదు. 1941లో ఆ జపాను పడవ చిత్రమును చూపగా, హిగ్గిన్స్ తన పడవ ముక్కును తీసివేసి, ఆ చోట దిగు బల్లను బిగించెను. తుదిరూపమున 36 అడుగుల ఆ పడవ 36 మంది సైనికులనో, లేక ఒక జీపును 12 మందినో మోసెడిది. అట్టివి 20,000కు పైగా తయారైనవి.

అయినను బల్ల సర్వరక్షకము కాలేదు. 1944 జూన్ 6న నార్మండీలోని ఒమాహా తీరమున కొన్ని పడవల బల్లలు దిగినంతనే మరతుపాకుల గుండ్లు నేరుగా లోనికే వచ్చినవి. అప్పుడు పలువురు పూర్వమువలెనే ప్రక్క అంచులు దాటి నీటిలోనికి దూకిరి.