నాగూరు దర్గా - తెలుగు రాజు స్థలం, మరాఠా రాజు మినార్

పుదుచ్చేరి పట్టణంలో స్థిరపడ్డ మన తెలుగు సైనిక కుటుంబాల్లో చాలామంది కారైకాల్ మీదుగా నాగూరు దర్గాకు వెళ్ళి వస్తుంటారు. ఇక్కడినుంచి సుమారు 140 కిలోమీటర్లు. మొక్కు తీర్చుకుని వచ్చేస్తారు గాని, ఆ కట్టడం వెనక మన తెలుగువాళ్ళ చెయ్యి కూడా ఉందని తెలిసినవారు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అక్కడ సమాధి అయిన మహనీయుడు హజ్రత్ షాహుల్ హమీద్. 16వ శతాబ్దపు సూఫీ. పుట్టింది నేటి ఉత్తరప్రదేశ్‌లోని మాణిక్‌పూర్. గురువు గ్వాలియర్‌కు చెందిన ముహమ్మద్ గౌస్. గ్వాలియర్‌లో పోస్టింగ్ చేసిన సోదరులు తాన్‌సేన్ సమాధి పక్కనే ఆ గురువుగారి సమాధి చూసే ఉంటారు.

హమీద్‌గారు ఎన్నో దేశాలు తిరిగి తంజావూరు చేరేనాటికి అక్కడ ఏలుతున్నది తెలుగువాడైన అచ్యుతప్ప నాయకుడు. ఎవరో చేతబడి చేసి రాజును మంచాన పడేశారట. సూదులు గుచ్చిన పావురాన్ని వెతికించి, ఆ సూదులు ఒక్కొక్కటే తీసేసరికి రాజు కోలుకున్నాడని అక్కడ చెప్పుకుంటారు. ఆ కృతజ్ఞతతోనే రాజు నాగూరులో భూమి ఇచ్చాడంటారు.

ఇక కట్టడం సంగతి. బంగారు పూత గుమ్మటం, లోపల ఆయన సమాధి. పెంపుడు కొడుకు యూసుఫ్, కోడలు కూడా అక్కడే ఉన్నారు. మినార్లు ఐదు. మన చార్మినార్‌వి లాగా గుండ్రంగా ఉండవు. చదరంగా, అంతస్తులుగా లేచి, పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. అన్నీ ఒకేసారి కట్టినవి కావు. అన్నిటికన్నా ఎత్తయినది 131 అడుగులు. దాన్ని కట్టించింది 1739 నుంచి 1763 వరకు తంజావూరు ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుడు. సంతానం కోసం మొక్కుకుని కట్టించాడని అంటారు.

ఓడల మీద వెళ్ళిన తమిళ ముస్లిం వర్తకులు ఈ భక్తిని సముద్రం దాటించారు. 1828-30 మధ్య సింగపూర్‌లో ఇదే పేరుతో దర్గా కట్టారు. అది 1974 నుంచి ఆ దేశపు జాతీయ స్మారకం.

సమాధి సూఫీది, భూమి తెలుగు రాజుది, పెద్ద మినార్ మరాఠా రాజుది. మన యూనిట్లలో సర్వధర్మ స్థల్ ముందు అందరం కలిసి నిలబడ్డవాళ్ళం. మనకు ఇది కొత్త పాఠం కాదు. కాని ఏ కట్టడం ఎవరిదని తగువులాడుకునే ఈ రోజుల్లో మన పిల్లలకు చెప్పాల్సిన పాఠమే. ఈసారి నాగూరు వెళ్ళినప్పుడు ఆ పెద్ద మినార్ కింద కాసేపు ఆగి, వాళ్ళకు ఈ సంగతి చెప్పండి.