కలకత్తా బండెక్కిన వాళ్ళు

2021లో లిస్టన్ కొలాసో హైదరాబాద్ ఎఫ్‌సీని వదిలి ఏటీకే మోహన్ బగాన్‌కి వెళ్ళినప్పుడు మా అభిమానుల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకటే మాట తిరిగింది: ద్రోహి. అతని కోసం కలకత్తా వాళ్ళు కట్టిన సొమ్ము భారతీయ ఆటగాళ్ళలో అప్పటికి రికార్డని పత్రికలు రాశాయి. మరుసటి ఏడాది రైట్ బ్యాక్ ఆశిష్ రాయ్ కూడా అక్కడికే పోయాడు. ఆ తర్వాతి ఏడాది లెఫ్ట్ బ్యాక్ ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి. ఒకడు గోవా, ఒకడు సిక్కిం, ఒకడు యూపీ. ముగ్గురిలో ఒక్కడు కూడా హైదరాబాద్‌లో పుట్టినవాడు కాదు. అయినా ఒక్కొక్కడే పోతుంటే ఇంట్లో సామాను ఒక్కొక్కటే ఎవరో ఎత్తుకుపోతున్నట్టు ఉండేది.

హైదరాబాద్ నుంచి కలకత్తాకి ఆటగాళ్ళు పోవడం మాత్రం కొత్త కథ కాదు. డెబ్బై ఏళ్ళ నాటి దారి అది. ఆ దారెంట ఒకసారి వెనక్కి నడిస్తే, ద్రోహి అన్న మాట ఎవరికి అంటుకుంటుందో కొంచెం తెలుస్తుంది.

1950లో డ్యూరాండ్ కప్ స్వాతంత్ర్యం తర్వాత మళ్ళీ మొదలైంది. ఫైనల్లో ఒక పక్క మోహన్ బగాన్, 1911లో తెల్లవాళ్ళ రెజిమెంటు జట్టుని ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ తెచ్చుకున్న క్లబ్బు. ఇంకో పక్క హైదరాబాద్ సిటీ పోలీస్. పోలీసులే గెలిచారు. అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్ కూడా గెలిచారు. అది 1954 దాకా వరసగా ఐదేళ్ళు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. డ్యూరాండ్ మొత్తం నాలుగుసార్లు వచ్చింది. 1957లో ఫైనల్లో ఓడింది ఈస్ట్ బెంగాల్, 1961లో మళ్ళీ మోహన్ బగాన్. అప్పటికి జట్టు పేరు ఆంధ్రా పోలీస్ అయింది.

ఈ జట్టు వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో, 1962 జకార్తాలో భారత్‌కి స్వర్ణాలు, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఇవన్నీ ఆయన కోచ్‌గా ఉన్నప్పటివే. మెల్‌బోర్న్ వెళ్ళిన జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, ఇలా వరస పెట్టి హైదరాబాద్ వాళ్ళే. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక రహీం పేరు మళ్ళీ నలుగురి నోళ్ళలో నానింది కాబట్టి ఆయన గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. నాకు కావలసింది ఆ జట్టు.

ఆ జట్టు గురించి చదువుతుంటే ఒక విషయం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. డ్యూరాండ్ జరిగేది ఢిల్లీలో. రోవర్స్ జరిగేది బొంబాయిలో. అంటే ఆ జట్టు తన గొప్ప విజయాలన్నీ పరాయి ఊళ్ళలో, పరాయి జనం ముందు సాధించింది. హైదరాబాద్ జనం మర్నాడు పేపర్లో చదువుకున్నారు, కప్పుతో రైలు దిగినప్పుడు చూసుకున్నారు. కలకత్తాలో అలా కాదు. అక్కడ లీగ్ అంటే వారం వారం సొంత మైదానంలో, టికెట్ కొన్న మనిషి గొంతు పోయేలా అరిచే ఆట. మోహన్ బగాన్ పుట్టింది 1889లో, ఈస్ట్ బెంగాల్ 1920లో. ఈస్ట్ బెంగాల్ వెనక పద్మా నది అవతలి నుంచి వచ్చినవాళ్ళు, దేశవిభజన తర్వాత శరణార్థులుగా వచ్చినవాళ్ళు ఉన్నారు. ఆ క్లబ్బు గెలిస్తే హిల్సా చేప ధర పెరుగుతుందనీ, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల ధర పెరుగుతుందనీ చెప్పుకుంటారు. చేపల బజారు దాకా వెళ్ళిన ఆట అది.

మనది పోలీస్ జట్టు. ఇది పేరు మాత్రమే అనుకుంటాం. కానీ ఆ జట్టులో ఉండటమంటే పోలీసు శాఖ జీతాల పట్టీలో ఉండటం. బాగా ఆడితే నౌకరీ, నౌకరీ ఉంటే ఇల్లు గడుస్తుంది. ఆ కాలానికి అదేమీ చిన్న విషయం కాదు, చాలామంది పేద ఇళ్ళ పిల్లలకి అదే దారి. కానీ శాఖకి సభ్యులుండరు. చందా కట్టి, ఎన్నికల్లో ఓటేసి, ఓడినప్పుడు కమిటీ మీద ఎగబడే జనం ఉండరు. పోలీస్ కమిషనర్‌కి ఆట మీద ఇష్టం ఉన్నంతకాలం జట్టు ఉంటుంది.

బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పెరిగిన తమిళ ఇంటి పిల్లాడు. అతన్ని పట్టుకుని నిలబెట్టింది రహీమే. ఇరవై ఏళ్ళకే ఒలింపిక్స్ ఆడాడు. 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళిపోయాడు. 1961లో కెప్టెన్‌గా ఆ క్లబ్బుకి కలకత్తా లీగ్ గెలిచిపెట్టాడు, ఆ ఏడాది లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కూడా అతనివే. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం అని భారత ఫుట్‌బాల్ ఇప్పటికీ ఒక్క గుక్కలో చెప్పే త్రయంలో ఇద్దరు బెంగాల్ వాళ్ళయితే మూడోవాడు మన అమ్ముగూడ వాడు. ఆట మానేశాక కూడా అతను వెనక్కి రాలేదు. కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలో స్థిరపడ్డాడు. 2023 ఫిబ్రవరిలో అక్కడే కలకత్తాలో పోయాడు.

అంతకుముందే ఈస్ట్ బెంగాల్‌లో 'పంచ పాండవులు' ఉండేవాళ్ళు: సాలే, అహ్మద్ ఖాన్, ధనరాజ్, వెంకటేశ్, అప్పారావు. ఐదుగురూ దక్షిణాది వాళ్ళే. పరాయి వాళ్ళని తెచ్చుకుని, వాళ్ళకి మహాభారతంలోంచి పేరు తీసిపెట్టి సొంతం చేసుకోవడం కలకత్తాకి తెలిసిన విద్య.

కలకత్తాలో ఏటా బదిలీల కాలం ఒకటి వచ్చేది. ఆటగాడు స్వయంగా ఐ.ఎఫ్.ఏ. ఆఫీసుకి వెళ్ళి సంతకం పెడితేనే క్లబ్బు మారినట్టు. అందుకని ఆ రోజుల్లో క్లబ్బు మనుషులు ఆటగాళ్ళని తీసుకెళ్ళి ఎక్కడో దాచేవాళ్ళు, అవతలి వాళ్ళు వెతికేవాళ్ళు. మన ఎం.పి.టి.సి.లని క్యాంపులకి తరలించినట్టే. (మా సీమలో ఈ పోలిక ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.)

ఆ బదిలీల చదరంగంలో అందరికన్నా ఎక్కువ గళ్ళు తిరిగినవాడు మహమ్మద్ హబీబ్. 1949లో హైదరాబాద్‌లో పుట్టాడు, 1966లో ఈస్ట్ బెంగాల్ చేరాడు. అక్కడి నుంచి మోహన్ బగాన్, మళ్ళీ ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్, మళ్ళీ మోహన్ బగాన్, మళ్ళీ ఈస్ట్ బెంగాల్... దాదాపు పద్దెనిమిదేళ్ళు. కలకత్తా మూడు పెద్ద క్లబ్బుల జెర్సీలూ ఒకసారికి మించి తొడిగాడు. వచ్చిన ఉద్యోగాలు కాదని ఆటనే ఉద్యోగం చేసుకున్న మొదటి తరం వాళ్ళలో ఒకడని పేరు. మా వాట్సాప్ గ్రూపు లెక్కన చూస్తే ఇంతకు మించిన ద్రోహి ఉండడు. కలకత్తా మాత్రం అతన్ని 'బడే మియా' అంది.

1975 షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో మోహన్ బగాన్ 5-0తో ఓడింది. ఆ క్లబ్బు చరిత్రలో అంతకన్నా చెడ్డ రోజు లేదు. మరుసటి ఏడాదికి హబీబ్, తమ్ముడు అక్బర్ ఇద్దరూ మోహన్ బగాన్‌లో ఉన్నారు. ఆ 1976 లీగ్ మ్యాచ్‌లో ఈస్ట్ బెంగాల్ మీద అక్బర్ పదిహేడో సెకనులో గోల్ కొట్టాడు. ఒక ఊరి అవమానాన్ని మోసుకుని తిరుగుతున్న జనానికి హైదరాబాద్ కుర్రాడు పదిహేడు సెకన్లలో సమాధానం తెచ్చిపెట్టాడు. 1977 సెప్టెంబర్లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు స్కోరు 2-2. మోహన్ బగాన్ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది.

ఇంత జరుగుతున్నా కలకత్తా క్లబ్బులు ఆటగాళ్ళు పోయారని చచ్చిపోలేదు. 1980లో ఈస్ట్ బెంగాల్ నుంచి ఒకేసారి గుంపుగా వెళ్ళిపోయారు, జట్టు దాదాపు ఖాళీ. అలీగఢ్‌లో చదువుతున్న మజీద్ బస్కర్, జంషీద్ నసీరీ అనే ఇరాన్ కుర్రాళ్ళని తెచ్చుకుని మళ్ళీ లేచారు. జట్టు ఖాళీ అయినా స్టాండు ఖాళీ కాలేదు కదా. ఈ మోజుకి ఖరీదు కూడా ఉంది. అదే ఏడాది ఆగస్టు 16న ఈడెన్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్‌లో జరిగిన గొడవలో, తొక్కిసలాటలో పదహారు మంది చనిపోయారు. అభిమానాన్ని నేను ఊరికే పొగడదలుచుకోలేదు.

మా ఊరు రాయచోటి. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ పోవడం ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. మా చిన్నాయన అక్కడ డ్రైవరు. ఒక సేఠ్ దగ్గర నుంచి ఇంకో సేఠ్ దగ్గరికి మారితే ఊళ్ళో ఎవరూ "ద్రోహం చేసినాడు" అనరు. "యాడ నాలుగు రూకలు ఎక్కువిస్తే ఆడికి పోతాడు, ఏం జేస్తాడు మల్ల" అంటారు. వానలు లేని నేల మీద పుట్టినవాడికి వలస ఒక నేరం కాదని మాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అదే మనుషులం టీవీ ముందు కూర్చునేసరికి ఇరవై రెండేళ్ళ పిల్లోడు మంచి జీతానికి పోతే తిట్టిపోస్తాం. ఆటగాడి కాలు పదేళ్ళు పనిచేస్తే గొప్ప. కువైట్ డ్రైవర్‌కే అంతకన్నా ఎక్కువ సర్వీసు ఉంటుంది.

హైదరాబాద్‌కి ఏమైందంటే, రహీం 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ... బాగా ఆడిన ప్రతివాడూ బండెక్కాడు. వాళ్ళు పోబట్టే మన ఫుట్‌బాల్ పోయిందని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. వాళ్ళు పోయాక వెనక ఏం మిగిలింది అన్నది అసలు ప్రశ్న. శాఖలు మిగిలాయి. శాఖకి ఆట మీద మోజు తగ్గితే అడగడానికి ఎవరికీ హక్కు లేదు, ఎందుకంటే అది ఎవరి క్లబ్బూ కాదు. యాభై ఏళ్ళ తర్వాత మనవడికి అప్పజెప్పడానికి తాత దగ్గర ఒక జెర్సీ రంగు కూడా లేదు.

2019లో మాకు ఒక రంగు దొరికింది, పసుపు. పూణే సిటీ మూతపడితే దాని ఐ.ఎస్.ఎల్. స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మొదటి మ్యాచ్ కలకత్తాలో, ఏటీకే చేతిలో 5-0. ఆ సీజన్ పట్టికలో అట్టడుగు. గచ్చిబౌలి స్టేడియం మా ఆఫీసుకి దగ్గర, లాప్‌టాప్ బ్యాగు భుజానే ఉండేది. తర్వాత మనోలో మార్క్వెజ్ వచ్చాడు, కుర్రాళ్ళని నమ్మాడు. 2021-22లో ఒగ్బెచె పద్దెనిమిది గోల్స్ కొట్టాడు. సెమీస్‌లో రెండు మ్యాచ్‌లు కలిపి 3-2తో ఓడింది ఎవరో తెలుసు కదా, ఏటీకే మోహన్ బగాన్. అటు పక్క లిస్టన్ ఉన్నాడు. ఆ రాత్రి మా గ్రూపులో ఏమేం రాశారో ఇక్కడ రాయలేను.

2022 మార్చి 20న ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ముందుంది, 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు, పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. కప్పు మాది. ఎక్కడ? గోవా, ఫతోర్డాలో. కోవిడ్ వల్ల రెండు సీజన్లు ఆటంతా అక్కడే. డ్యూరాండ్, రోవర్స్ లాగే ఇదీ పరాయి ఊళ్ళోనే గెలిచాం, టీవీలో చూసుకున్నాం. మరుసటి ఏడాది సెమీస్‌లో మళ్ళీ మోహన్ బగానే. రెండు మ్యాచ్‌లూ 0-0, పెనాల్టీల్లో ఈసారి మేం పోయాం.

అక్కడి నుంచి జారుడు బల్లే. 2023లో మార్క్వెజ్ గోవాకి వెళ్ళాడు, ఒగ్బెచె వెళ్ళాడు, బోర్హా హెరెరా, సివేరియో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళారు. క్లబ్బు బకాయిల గొడవలో పడింది, ఫిఫా కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా నిషేధం పెట్టింది. 2023-24లో మళ్ళీ అట్టడుగు. 2024లో యాజమాన్యం చేతులు మారింది. 2025 అక్టోబర్లో క్లబ్బునే ఢిల్లీకి తీసుకెళ్ళి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టారు.

లిస్టన్ వెళ్ళినప్పుడు మా దగ్గర తిట్టడానికి ఒక మనిషి ఉన్నాడు. క్లబ్బే వెళ్ళిపోయినప్పుడు ఎవర్ని తిట్టాలో గ్రూపులో ఎవరికీ తోచలేదు. ఒకడు పూణే వాళ్ళ గురించి అడిగాడు: 2019లో మనం సంబరపడుతున్నప్పుడు అక్కడి అభిమానులు ఏం చేస్తూ ఉండి ఉంటారు అని. చాలాసేపు ఎవరూ ఏమీ టైప్ చేయలేదు.

హబీబ్ చివరికి హైదరాబాద్‌లోనే పోయాడు, 2023 ఆగస్టు 15న. మోహన్ బగాన్ పుట్టినరోజు కూడా ఆగస్టు 15. ఆ రోజు మూడు క్లబ్బుల అభిమానులూ అతను తమవాడేనని రాసుకున్నారు. పోయిన దసరాకి రాయచోటి వెళ్ళినప్పుడు మా అక్క కొడుకు ఒగ్బెచె పేరున్న పాత పసుపు జెర్సీ వేసుకుని వీధిలో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుతున్నాడు. చంకల దగ్గర బిగుతైపోయింది. "మామా, ఇంకో సైజు పెద్దది తెప్పియ్యి" అన్నాడు.