పేరెత్తితే మోగే గంట

2025 ఏప్రిల్. రావులపాలెం బస్టాండు. పొద్దున పది కాకుండానే ఎండ మాడు పగలగొడుతోంది. అరటి గెలల లారీ ఒకటి మూలుగుతూ హైవే ఎక్కింది. వెనకాలే పచ్చి ఆకు వాసన, దాని వెనకాల డీజిల్ పొగ. బెంచీ మీద కుర్రాడు ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఉలిక్కిపడ్డాడు. గబుక్కున దూరం లాగాడు. ఫోన్లోంచి బూతులు.

పక్కనున్న పెద్దాయన తల తిప్పలేదు. ఆయన ఫోన్లోనూ అదే గొంతు.

గోదావరి అవతల రాజమండ్రి నుంచి ఒకే ఒక్క మనిషికి పంపిన ఆ వాట్సాప్ మాట, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి, రావులపాలెంలో బస్సెక్కి, కొత్తపేట, అమలాపురం మీదుగా కోనసీమంతా చుట్టి, హైదరాబాద్ ఆఫీసుల్లో కేరేజీ మూతల మధ్య మోగి, డాలస్‌లో అర్ధరాత్రి నిద్రపట్టని తెలుగువాళ్ల చెవిన పడేదాకా ఎక్కడా ఆగలేదు. విషయం చూస్తే చిన్నదే. అది ఓ పచ్చళ్ల వ్యాపారం. ధర ఎక్కువగా ఉందన్నారు కొనబోయినవారు. జవాబుగా ఆ వాయిస్ మెసేజ్ వచ్చింది. అక్కడితో అయిపోవాల్సిన గొడవ. అయిపోలేదు.

మీమ్‌లు పుట్టాయి. రీళ్లు పుట్టాయి. పచ్చడి ఎప్పుడూ రుచి చూడనివాళ్లు కూడా దాని మీద తీర్పులిచ్చారు. రోజుల్లోనే ఆ వాట్సాప్ నంబరు మూగబోయింది. వెబ్‌సైట్ మూతపడింది. క్షమాపణల వీడియోలు వచ్చాయి. అప్పటికే ఆలస్యమైంది. మాట తప్పే, అందులో వాదన లేదు. కానీ ఆ మాట ఊరు దాటిన మొదటి గంటలోనే ఎవరో ఒకరు తలుపు తట్టి, "ఏవండీ, మీ పేరు బజార్న పడిందండీ" అని చెప్పి ఉంటే?

అలా తలుపు తట్టేవాడు ఒకడున్నాడు. జీతం అడగడు. నిద్రపోడు. వాణ్ని తయారుచేసింది ఎవరో తెలిస్తే రావులపాలెంలోనే కాదు, తెలుగునేల మీద ఎవరైనా ఓ క్షణం ఆగుతారు.

ఇరవై ఏళ్లు వెనక్కి. కాలిఫోర్నియా, మౌంటెన్ వ్యూ. గూగుల్ ఇంకా చిన్న కంపెనీ. 2000లో అందులో చేరిన ఇంజినీర్లలో ఒకడు నాగ కటారు. ఊరు గంపలగూడెం. అప్పటి కృష్ణా జిల్లా, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా. తిరువూరు వైపు పల్లె. సేద్యం తప్ప వేరే సందడి లేని ఊరు. ఆ ఊరి కుర్రాడి బుర్రలో ఒక ప్రశ్న తిరుగుతోంది.

మనిషి రోజూ గూగుల్‌కొచ్చి ఒకే మాట వెతుక్కోవడం ఎందుకు? ఒక్కసారి చెప్పి పోతే చాలదా? ఆ మాట లోకంలో ఎక్కడ కొత్తగా కనబడినా యంత్రమే చూసి, ఉత్తరం రాసి, ఇంటికి పంపదా?

మేనేజరుకు చూపించాడు. మేనేజరు వద్దన్నాడు.

లెక్క ప్రకారం ఆయన మాట తప్పు కాదు. జనం గూగుల్ పేజీకి రావాలి. వెతకాలి. పక్కనున్న ప్రకటన నొక్కాలి. డబ్బు అక్కడే ఉంది. ఉత్తరం ఇంటికే వస్తే ఇక పేజీకి ఎవరొస్తారు? పెద్ద కంపెనీల్లో ఇలాంటి ఊహలు సాధారణంగా ఈ గుమ్మం దగ్గరే చచ్చిపోతాయి. ఇది చావలేదు. నాగ తన ఊహని పైకి పట్టుకెళ్లాడు. ఎంత పైకంటే, ఇక ఆ పైన ఎవరూ లేరు. కంపెనీ పెట్టిన ఇద్దరూ, లారీ పేజ్, సెర్గీ బ్రిన్. వాళ్ల ముందు పెట్టాడు.

వాళ్లకి నచ్చేసింది.

2003లో గూగుల్ అలర్ట్స్ లోకంలోకి వచ్చింది. దానికి సంబంధించిన మూడు పేటెంట్ల మీద నాగ కటారు పేరుంది. ఎనిమిదేళ్లు పనిచేసి 2008లో ఆయన గూగుల్ వదిలేశాడు. ఆ తర్వాత చేసిన పని గంపలగూడెం వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. కాలిఫోర్నియాలోనే 320 ఎకరాల తోట కొన్నాడు. బాదం, ఆప్రికాట్ పండించాడు. ఆయన కట్టిన గంట మాత్రం ఇరవై ఏళ్లు దాటినా పైసా అడక్కుండా మోగుతూనే ఉంది. దాని తాడు మన ఇళ్లలో ఎంతమంది చేతికి చిక్కింది?

రావులపాలెం నుంచి కాలవ గట్టు పట్టుకుని వెళ్తే లొల్ల లాకులు. అవి దాటితే ఆత్రేయపురం. అక్కడ వీధిలో నడుస్తుంటే ముందు పొగ తగులుతుంది, కొబ్బరాకు మంట పొగ. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. జయ బియ్యం పిండి పల్చటి జావలా కలిపి, గుడ్డ అందులో ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగుతుంది ఒకావిడ. గుడ్డ ఇటు వచ్చేలోగా అక్కడ రేకు సిద్ధం. ఊదితే ఎగిరిపోతుంది. నెయ్యి, బెల్లం పొడి, ఒక మడత. అదే పూతరేకు. ఆ మడతకి ఊరు పేరే పేరు. పేరు ఊరిదే, కానీ అది తమదని చూపించే కాగితం చాలాకాలం ఎవరి దగ్గరా లేదు.

ఆ కాగితం కోసం సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం కదిలింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ఈ డెల్టాకి నీళ్లిచ్చిన దొర పేరు పెట్టుకున్న సంఘం అది. భౌగోళిక గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టారు. చెన్నైలోని రిజిస్ట్రీ దాన్ని తన జర్నల్‌లో అచ్చేసింది. అచ్చయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఎవరైనా లేచి "ఆ పేరు వాళ్లది కాదు" అనొచ్చు. అనడానికి మూడు నెలల గడువు, కావాలంటే ఇంకో నెల. ఆ రోజులన్నీ కుండలు కాలుతూనే ఉన్నాయి. చెవులు మాత్రం చెన్నై వైపు.

ఎవరూ లేవలేదు. 2023 జూన్‌లో ఆత్రేయపురం పూతరేకులకు గుర్తింపు వచ్చింది.

ఊళ్లో స్వీట్లు పంచుకున్న రోజు అది. స్వీట్లంటే ఏవో వేరే చెప్పాలా! 1999 నాటి చట్టం ప్రకారం ఇక ఎవరైనా ఆ పేరు దొంగిలిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. చట్టం గట్టిదే. దానికి కళ్లు మాత్రం లేవు. దొంగ ఎక్కడున్నాడో దానికదే వెళ్లి చూడదు. చూడాల్సింది పేరుగలవాళ్లే.

ఎలా?

ఇప్పుడు ఆ దారిలో ఏ పూతరేకుల కొట్టయినా అనుకోండి. రాత్రి తొమ్మిదిన్నర. షట్టరు సగం దించారు. బయట చినుకులు. లోపల నెయ్యి వాసన, అట్టపెట్టెల దొంతరలు, ట్యూబులైటు చుట్టూ ఉసిళ్లు. కాలేజీ సెలవులకొచ్చిన మేనకోడలు గల్లాపెట్టె పక్కన ఫోన్ పట్టుకుని కూర్చుంది.

"ఏం చేస్తన్నావే అమ్మాయ్?"

"కాపలా పెడతన్నానత్తయ్యా."

గూగుల్ అలర్ట్స్ పేజీ తెరిచింది. ఒక్కటే గడి. కొట్టు పేరు కొట్టింది. దేవుడి పేరు. అక్కడే చిక్కొచ్చింది. కింద నమూనాగా వచ్చినవన్నీ గుడి వార్తలే. బ్రహ్మోత్సవాలు, అన్నదానం, హుండీ లెక్కింపు. మన ఊళ్లలో సగం కొట్లకి దేవుళ్ల పేర్లే కదా, గంట రోజుకి వందసార్లు మోగితే ఎవరు వింటారు? చెరిపేసింది. ఈసారి పేరు మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టింది. పక్కన "పూతరేకులు" చేర్చింది. గుడి వార్తలు మాయం. అక్కర్లేని మాట ఇంకేదైనా వస్తే దాని ముందు ఒక మైనస్ గీత గీస్తే చాలు, ఆ గోల కూడా ఆగిపోతుంది.

తర్వాతి చిక్కు ఇంకా పెద్దది. పూతరేకుల్ని ఇంగ్లీషులో ఎలా రాస్తారు? ఒకరు మొదట్లో "యు" ఒకటే పెడతారు. ఇంకొకరు రెండు "ఓ"లు పెడతారు. "టి" పక్కన "హెచ్" ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. "పేపర్ స్వీట్" అని చేతులు దులుపుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఒక్క రాతకే కాపలా పెడితే మిగిలిన దారులన్నీ బార్లా తెరిచినట్టే. అందుకే ఆ పిల్ల ఒక్కో రాతకీ ఒక్కో గంట కట్టింది. తెలుగు లిపిలో మరొకటి. ఎన్ని కట్టినా ఖర్చు సున్నా.

ఉత్తరం ఎప్పుడు పంపమంటావని అడిగింది యంత్రం. కనబడిన వెంటనేనా, రోజుకోసారా, వారానికోసారా? కొట్టు పేరుకి "వెంటనే" పెట్టింది. భాష, దేశం దగ్గర హద్దులు తీసేసింది. మన పెట్టె డాలస్ దాకా పోతుంటే కాపలా రావులపాలెంలో ఆగిపోతే ఎలా? ముఖ్యమైనవే పంపనా, అన్నీ పంపనా అంది. అన్నీ అంది.

"అయిపోయిందా?"

"సగమేనత్తయ్యా."

సగమే. ఎందుకంటే ఈ గంటకి వినబడని వీధులున్నాయి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో జరిగే మాటలు చాలావరకు దీని చెవిన పడవు. అక్కడ మనమే వెళ్లి వెతకాలి. వారానికో పదినిమిషాలు. యూట్యూబ్‌లో కొట్టు పేరు కొట్టి, కొత్తగా ఎక్కించినవి మాత్రమే చూపించమనాలి. గూగుల్ మ్యాప్స్‌లో కొట్టుని మన పేరున నమోదు చేసుకుంటే ఎవరు నక్షత్రాలిచ్చినా, ఎవరు తిట్టినా కబురొస్తుంది. అదీ ఉచితమే. ఇక ఫోటోలు. అత్త చేతుల మీద మడత పడుతున్న రేకు ఫోటో, కిందటి సంక్రాంతికి తీసింది. దాన్ని గూగుల్ లెన్స్‌లో పెట్టింది మేనకోడలు. వేలు కిందకి జరిపింది. జరిపింది. ఆగింది.

"అత్తయ్యా, ఈ చేతులు మీవేగా?"

అట్టపెట్టె కింద పెట్టి అత్త వంగి చూసింది. గాజులు తనవే. కింద ఉన్న ఫోన్ నంబరు తనది కాదు.

బయట వాన పెరిగింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఇలాంటి క్షణంలో వేలు మొదట తిట్టు మీదికే పోతుంది. పోనివ్వకూడదు. రాజమండ్రి నుంచి బయల్దేరిన ఆ ఏప్రిల్ గొంతు ఇంకా చెవుల్లోనే ఉంది కదా. మేనకోడలు తిట్టలేదు. స్క్రీన్‌షాట్ తీసింది. తేదీ పడేలా ఇంకోటి తీసింది. పేజీ మీద రిపోర్టు నొక్కింది. తమ పేజీలో నాలుగు వాక్యాలు రాసింది. ఆ నంబరు మాది కాదు, మా నంబరు ఇది, ముందుగా డబ్బు పంపినవాళ్లుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి, మీకు జరిగిన ఇబ్బందికి బాధపడుతున్నాం. అంతే. ఒక్క పరుషమైన మాట లేదు. అత్త రెండుసార్లు చదివించుకుంది. తలూపింది.

ఇంకా ఒక్క వీధి మిగిలింది, వాట్సాప్. అక్కడ గుంపుల్లో ఏం తిరుగుతోందో ఏ యంత్రమూ బయటనుంచి చూడలేదు. 2025 ఏప్రిల్‌లో ఆ గొంతు పుట్టింది అక్కడే. ఆ వీధికి కాపలా మనుషులే. పార్సిల్ కట్టే కుర్రాడు, బస్సు కండక్టరు, డాలస్‌లో ఉన్న పిన్ని కూతురు. "మా పేరు ఎక్కడైనా వినబడితే, మంచైనా చెడైనా మాకు ఒక్క ముక్క చెప్పండి" అని ఎప్పుడైనా అడిగామా? అడిగితే చెప్తారు. గోదావరి జిల్లాలవాళ్లకి కబురు మోయడం ఎవరూ నేర్పక్కర్లేదు.

మీది పూతరేకుల కొట్టు కావచ్చు, పచ్చళ్ల వ్యాపారం కావచ్చు, అరటి మండీ కావచ్చు, నర్సరీ కావచ్చు. ఈ రాత్రి షట్టరు దించే ముందు పదినిమిషాలు కూర్చోండి. మీ కొట్టు పేరు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో అన్నిసార్లు కొట్టి చూడండి. ఇంట్లో కాలేజీ చదివే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. గంపలగూడెం కుర్రాడు కట్టిన గంట మీ గుమ్మానికి కూడా కట్టండి.