పాత పెట్టెతో గిటార్: పెట్టె ఏదైనా సరే, కొలత తప్పకూడదు

పాత చెక్క పెట్టె, ఒక కర్ర, మూడు తీగలు ఉంటే ఇంట్లోనే గిటార్ చేసుకోవచ్చు. అమెరికాలో దీన్ని సిగార్ బాక్స్ గిటార్ అంటారు. చూడటానికి బొమ్మలా ఉంటుంది కానీ, సరిగా చేస్తే దీని మీద కృతులు, భజనలు, సినిమా పాటలు అన్నీ వాయించుకోవచ్చు. కొలత తప్పితే మాత్రం ఎంత అందంగా చేసినా అపస్వరమే పలుకుతుంది. అందుకే ఈ వ్యాసంలో కొలతల గురించి కాస్త ఎక్కువగా చెబుతున్నాం.

ఎక్కడ పుట్టింది

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో సిగార్లను, అంటే మన చుట్టల వంటివాటిని, పలుచని చెక్క పెట్టెల్లో పెట్టి అమ్మేవారు. ఖాళీ అయిన పెట్టె తేలికగా ఉండేది, తడితే మోగేది. వాద్యం కొనే స్తోమత లేనివారు దానికి కర్ర బిగించి, తీగ కట్టారు. అమెరికా అంతర్యుద్ధ సైనికుల జీవితాన్ని చిత్రించిన ఎడ్విన్ ఫోర్బ్స్ 1876లో వెలువరించిన చిత్రాల్లో ఒక సైనికుడు సిగార్ పెట్టెతో చేసిన ఫిడేలు వాయిస్తూ కనిపిస్తాడు. టెక్సాస్ బ్లూస్ గాయకుడు లైట్నిన్ హాప్‌కిన్స్ చిన్నతనంలో తొలి గిటార్‌ను ఇలాగే చేసుకున్నాడు. టెనెస్సీలో కౌలు కుటుంబంలో పుట్టిన కార్ల్ పెర్కిన్స్‌కు తండ్రి సిగార్ పెట్టె, చీపురు కర్రతో గిటార్ చేసిచ్చాడు. దక్షిణాఫ్రికాలో నూనె డబ్బాలతోనూ గిటార్లు చేస్తారు.

మనం ఉంటున్న ప్రాంతాల్లోనూ ఈ పద్ధతి కొత్తది కాదు. మహారాష్ట్రలో పోవాడా పాడేవారి తుంతునే, కర్ణాటకలో తత్వపదాలు పాడేవారి ఏక్‌తారి, ఒడిశాలో నాథ యోగుల కేందరా చేతికందిన వస్తువులతో పుట్టినవే. తెలంగాణలో సొరబుర్రలు, వెదురుతో చేసే కిన్నెర కూడా అంతే. పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

ఏమేం కావాలి

పెట్టె: 25 నుంచి 30 సెం.మీ. పొడవు, 5 నుంచి 7 సెం.మీ. లోతు ఉన్న చెక్క పెట్టె. మూత పలుచగా, 3 మి.మీ. మందంలో ఉంటే బాగా మోగుతుంది. ప్లైవుడ్ పెట్టె, పాత బల్ల సొరుగు, బిస్కెట్ డబ్బా కూడా పనికొస్తాయి.

కర్ర: 90 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. మందం. పాత కిటికీ చట్రంలోని టేకు దీనికి బాగుంటుంది. నార నిలువుగా సాగాలి, ముడులు ఉండకూడదు.

తీగలు: ఇక్కడ పొదుపు చేయొద్దు. గిటార్ తీగల సెట్టు కొని అందులో 5, 4, 3వ తీగలు వాడండి. పాత గిటార్ నుంచి విప్పిన బిరడాలు మూడు చాలు.

మిగతావి: రెండు మరలు (ఒకటి 5 మి.మీ., మరొకటి 8 మి.మీ. మందం), సైకిల్ చక్రం చువ్వలు, ఎపాక్సీ జిగురు.

చేసే పద్ధతి

కర్ర పెట్టెలో ఒక వైపు దూరి రెండో వైపు బయటికి రావాలి. పెట్టెకు బయట అతికిస్తే నిలవదు. మూడు తీగలూ బిగిస్తే వాటి మందాన్ని బట్టి 20 నుంచి 35 కిలోల దాకా లాగుతాయి. ఆ లాగుడంతా కర్రే భరించాలి, పెట్టె మీద పడకూడదు.

పెట్టె రెండు చివరల గోడల్లో కర్ర పట్టేలా గాళ్లు కోయండి. పెట్టెలోకి వెళ్లే భాగాన్ని మూత మందం మేరకు చెక్కితే బయటి కర్ర, మూత ఒకే ఎత్తులో ఉంటాయి. గోడల మధ్య భాగాన్ని ఇంకో 3 మి.మీ. చెక్కండి. మూత కర్రకు తగిలితే నాదం చచ్చిపోతుంది. మూత మూలల్లో 2 సెం.మీ. రంధ్రాలు రెండు చేయండి.

కర్ర తల భాగంలో బిరడాలు బిగించి, వాటికి కొంచెం దిగువన 5 మి.మీ. మర అడ్డంగా అతికించండి. గిటార్‌లో దీన్ని నట్ అంటారు. అక్కడి నుంచి సరిగ్గా 60 సెం.మీ. దూరంలో, మూత మీద 8 మి.మీ. మర పెట్టండి. ఇదే గుర్రం. దీన్ని అతికించకూడదు. తీగల ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. కర్ర తోక చివర మూడు సన్నని రంధ్రాలు చేసి తీగలను అక్కడి నుంచి లాగాలి.

మెట్ల కొలతలు

కింది దూరాలన్నీ నట్ నుంచి కొలవాలి. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు కొలుచుకుంటూ పోతే చిన్న చిన్న తప్పులన్నీ కలిసి చివరికి పెద్ద తేడా అవుతాయి. తీగ పొడవు 600 మి.మీ. అయినప్పుడు:

1. శుద్ధ రిషభం: 33.7 మి.మీ.
2. చతుశ్రుతి రిషభం: 65.5
3. సాధారణ గాంధారం: 95.5
4. అంతర గాంధారం: 123.8
5. శుద్ధ మధ్యమం: 150.5
6. ప్రతి మధ్యమం: 175.7
7. పంచమం: 199.5
8. శుద్ధ ధైవతం: 222.0
9. చతుశ్రుతి ధైవతం: 243.2
10. కైశికి నిషాదం: 263.3
11. కాకలి నిషాదం: 282.2
12. తారస్థాయి షడ్జం: 300

గుర్తు పెట్టిన చోట హ్యాక్సా బ్లేడుతో సన్నని గాడి తీసి, చువ్వ ముక్కను జిగురుతో కూర్చోబెట్టండి. అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. మెట్లు వేయడం కష్టమనిపిస్తే కర్ర మీద గీతలు గీసుకుని, నున్నని గాజు సీసాను తీగ మీద జరుపుతూ వాయించవచ్చు. చిత్రవీణ వాయించే తీరూ ఇదే.

శ్రుతి

మూడు తీగలను స, ప, పై స గా బిగించండి. 5వ తీగను కొంచెం వదులు చేస్తే జి వస్తుంది. మిగతా రెండూ తమ మామూలు డి, జి శ్రుతుల్లోనే ఉంటాయి. తంబురాలోనూ స, ప లే కాబట్టి పాటకు శ్రుతిగా కూడా ఇది సరిపోతుంది. 2, 4, 5, 7, 9, 11, 12 మెట్లు శంకరాభరణం. కొత్తగా నేర్చుకునే పిల్లలు మోహనంతో మొదలుపెట్టవచ్చు: 2, 4, 7, 9, 12 చాలు.

శ్రుతి చేశాక 12వ మెట్టు పరీక్షించండి. తీగ మధ్యలో వేలు ఊరికే ఆనించి మీటితే వచ్చే స్వరం, మెట్టు మీద నొక్కితే వచ్చే స్వరం ఒకటి కావాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే గుర్రాన్ని తోక వైపు కొంచెం జరపండి, తగ్గుగా ఉంటే తల వైపు జరపండి.

జాగ్రత్తలు

పురుగుమందు డబ్బాలు, వాటిని పెట్టిన పెట్టెలు వాడొద్దు. సరుకు రవాణా చెక్కల మీద ఎం.బి. అనే ముద్ర ఉంటే వాటికి మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారని అర్థం, వాటినీ వదిలేయండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా గీకకండి. మొదటిసారి తీగ బిగించేటప్పుడు ముఖం పక్కకు పెట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకోండి. పిల్లలతో చేయిస్తుంటే రంపం, డ్రిల్లు పని పెద్దలదే. కొలిచే పని మాత్రం పిల్లలకే ఇవ్వండి. తమ చేత్తో గుర్తు పెట్టిన చోటే పంచమం పలికితే, స్వరం ఎక్కడి నుంచి వస్తుందో వాళ్లకు ఇక వేరే చెప్పక్కర్లేదు.