వ్యాధుల వర్గీకరణ చరిత్ర: బయటి చెవి ఇన్ఫెక్షన్ ఒక ఉదాహరణ

1.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• వ్యాధులకు సంకేత సంఖ్యలు ఇచ్చే పద్ధతి ఎలా పెరిగిందో వివరించగలుగుతారు.
• ప్రాణం తీయని వ్యాధులు గణాంకాలలోకి ఆలస్యంగా ఎందుకు వచ్చాయో చెప్పగలుగుతారు.
• వ్యాధి గణాంకాలను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తను గుర్తించగలుగుతారు.

1.1 పరిచయం

చెరువులో ఈత కొట్టి వచ్చిన పిల్లవాడికి రెండు రోజుల తరవాత చెవి దురద పెడుతుంది. ఆపైన పోటు మొదలవుతుంది. చెవి డొప్పను పట్టుకొని లాగితే నొప్పి ఎక్కువవుతుంది. కర్ణభేరికి ఇవతల ఉన్న చెవి గొట్టానికి వచ్చే ఈ వాపును వైద్యులు ‘ఒటైటిస్ ఎక్స్‌టర్నా’ అంటారు. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ (ఐసీడీ) పదో సవరణలో దీని సంకేతం హెచ్60. ఇంత మామూలు బాధకు ప్రపంచమంతా ఒకే సంకేతం ఎలా వచ్చింది? అంతకు ముందు గణాంకాలలో దీనికి చోటు ఎందుకు లేదు? ఈ రెండు ప్రశ్నలను ఇప్పుడు పరిశీలిద్దాం.

1.2 మరణాల లెక్కతో మొదలు

లండన్ నగరంలో వారం వారం వెలువడే మరణాల పట్టికలను పరిశీలించి జాన్ గ్రాంట్ 1662లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఏ కారణంతో ఎందరు చనిపోతున్నారో లెక్కించి చూడవచ్చునని అది చూపించింది. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో సొవాజ్, స్కాట్లాండ్‌లో విలియం కలెన్ వంటి వైద్యులు మొక్కలను విభజించినట్లే వ్యాధులనూ తరగతులుగా విభజించారు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837లో జనన మరణాల పౌర నమోదు మొదలైంది. ఆ కార్యాలయంలో గణాంకాలు చూసిన విలియం ఫార్‌కు ఒక చిక్కు ఎదురైంది. ఒకే వ్యాధికి మూడు నాలుగు పేర్లు ఉండేవి. ఒకే పేరుతో వేరువేరు వ్యాధులను రాసేవారు. 1853లో బ్రస్సెల్స్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ గణాంక మహాసభ అన్ని దేశాలకూ పనికివచ్చే జాబితా తయారుచేయమని ఫార్‌ను, జెనీవాకు చెందిన మార్క్ దెస్పీన్‌ను కోరింది. స్థానిక వ్యాధులను శరీర భాగాన్ని బట్టి అమర్చాలన్నది ఫార్ పద్ధతి. వ్యాధి స్వభావాన్ని బట్టి అమర్చాలన్నది దెస్పీన్ పద్ధతి. 1855లో పారిస్ సభ ఇద్దరికీ మధ్యే మార్గంగా 139 శీర్షికల జాబితాను ఆమోదించింది. తరవాత జాక్ బెర్తియాఁ 1893లో షికాగోలో సమర్పించిన జాబితా నేటి ఐసీడీకి పునాది అయింది. 1900లో పారిస్‌లో దాని మొదటి సవరణ జరిగింది.

ఇవన్నీ ప్రధానంగా మరణ కారణాల జాబితాలే. రోగుల లెక్కకు వేరే జాబితా తయారుచేసే ప్రయత్నాలు జరిగినా అవి అంతగా ఆదరణ పొందలేదు. మధ్య చెవిలోని చీము మెదడుకు పాకి ప్రాణం తీయవచ్చు కనుక దానికి మరణ పట్టికలో చోటు దొరికే వీలుంది. బయటి చెవి వాపుతో మరణించడం అరుదు. అందువల్ల ఎందరు బాధపడినా అది లెక్కకు అందలేదు.

1.3 రోగికి చోటు దొరికిన సవరణ

1948లో ఆరో సవరణ బాధ్యతను కొత్తగా ఏర్పడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వీకరించింది. మరణ కారణాలతోపాటు అనారోగ్యాలు కూడా ఒకే జాబితాలో చేరాయి. బయటి చెవి వాపుకు 390 అనే సంఖ్య లభించింది. అయితే చెవి వ్యాధులు నాడీమండల, జ్ఞానేంద్రియ వ్యాధుల అధ్యాయంలోనే ఉండేవి. 1990లో ఆమోదం పొందిన పదో సవరణలో చెవికి ప్రత్యేక అధ్యాయం ఏర్పడింది. అందులో హెచ్60.0 బయటి చెవి గడ్డకు, హెచ్60.3 ఇతర ఇన్ఫెక్షన్లకు, హెచ్60.9 వివరం తెలియని వాటికి కేటాయించారు.

ఫార్, దెస్పీన్‌ల వాదం మాత్రం ముగియలేదు. చెవిలో బూజు పెరిగి వాపు వస్తే దాన్ని చెవి వ్యాధి అనాలా, బూజు వ్యాధి అనాలా? పదో సవరణ ఇక్కడ రెండు సంకేతాలు ఇస్తుంది: కారణానికి ఒకటి (కత్తి గుర్తుతో), చెవికి హెచ్62.2 (నక్షత్రం గుర్తుతో). పాత వివాదం ఈ రెండు గుర్తులలో ఇంకా కనిపిస్తుంది.

1.4 సంకేతంలో నిలిచిపోయిన పేరు

హెచ్60.2 పేరు ‘మాలిగ్నెంట్ ఒటైటిస్ ఎక్స్‌టర్నా’. మాలిగ్నెంట్ అనగానే క్యాన్సర్ గుర్తుకు వస్తుంది. కానీ ఇది క్యాన్సర్ కాదు. ఎక్కువగా వయసు మళ్లిన మధుమేహ రోగులకు సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చి, పుర్రె అడుగు ఎముకకు పాకే ఇన్ఫెక్షన్. ఆనాడు మరణాలు ఎక్కువగా ఉండటంతో 1968లో చాండ్లర్ అనే వైద్యుడు ఈ పేరు వాడాడు. దీన్ని ‘నెక్రోటైజింగ్’ అని పిలవడమే సరైనదని తరవాత చాలామంది భావించినా, పదో సవరణలో పాత పేరే ఉంది.

1.5 సంకేతానికి కొత్త పని

అమెరికా తన అవసరాలకు విస్తరించుకున్న పదో సవరణను 2015 అక్టోబర్ 1 నుంచి అమలు చేసింది. అందులో ఈతగాళ్ల చెవికి హెచ్60.331 అంటే కుడి చెవి, 332 ఎడమ, 333 రెండు చెవులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మూల జాబితాలో ఈ విభజన లేదు. అమెరికాలో బీమా చెల్లింపులు కూడా ఈ సంకేతాలతో ముడిపడి ఉన్నాయి. అక్కడి రోగుల రికార్డులకు సంకేతాలు వేసే ఉద్యోగాలలో హైదరాబాద్ యువతీయువకులు ఎందరో ఉన్నారు.

మన దేశంలో 1969 జనన మరణాల నమోదు చట్టం కింద వైద్యులు ధ్రువీకరించిన మరణ కారణాలను ఐసీడీ ప్రకారమే వర్గీకరిస్తారు. కానీ చెవిపోటుతో వచ్చి చుక్కల మందు తీసుకొని వెళ్లే రోగి మరణ పత్రంలోకి రాడు. ఆ లెక్క ఔట్‌పేషెంట్ రిజిస్టరును ఎంత శ్రద్ధగా రాశారన్న దానిపై ఆధారపడుతుంది. 2022 జనవరి 1 నుంచి పదకొండో సవరణ అమలులోకి వచ్చినా ఈ సమస్య తీరదు. రిజిస్టరులో రాయని రోగికి ఏ సవరణా సంకేతం ఇవ్వలేదు.

1.6 సారాంశం

వ్యాధి సంకేతం రోగాన్ని సూచిస్తుంది. దానితోపాటు ఆ కాలం ఏమి లెక్కించదలచిందో కూడా తెలుపుతుంది. మొదట మరణం, తరవాత అనారోగ్యం, ఆపైన చెల్లింపు ఈ లెక్కను నడిపించాయి. కాబట్టి పట్టికలో ఒక వ్యాధి సంఖ్య హఠాత్తుగా పెరిగితే, వ్యాధి పెరిగిందా, లేక దానికి కొత్తగా ఒక గడి ఏర్పడిందా అని ముందుగా అడగాలి. సంఖ్య లేనంత మాత్రాన బాధ లేదని అనుకోకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఫార్, దెస్పీన్‌ల వర్గీకరణ పద్ధతుల మధ్య తేడా ఏమిటి?
2. 1948 సవరణ ప్రాముఖ్యాన్ని బయటి చెవి వాపు ఉదాహరణతో వివరించండి.
3. మీకు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెవి బాధలను ఏ పేర్లతో నమోదు చేస్తున్నారో అడిగి తెలుసుకొని, పది వాక్యాలు రాయండి.