కంట్లో వరి ఆకు గీసుకుందా? ఎరుపు తగ్గించే చుక్కలే కొంప ముంచొచ్చు!

సార్వా కోతలైనా, దాళ్వా నూర్పిళ్లయినా.. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్లలో ఇది మామూలే. వరి ఆకు కంటికి గీసుకుంటుంది. లేదంటే కోత మిషన్ దగ్గర ఎగిరిన పొట్టు కంట్లో పడుతుంది. నలిపేస్తాం. తెల్లారేసరికి కన్ను ఎర్రగా! మెడికల్ షాపుకెళ్లి 'కంటి చుక్కలు ఇవ్వండి' అంటే ఓ చిన్న సీసా చేతిలో పెడతారు. రెండు రోజుల్లో ఎరుపు, నొప్పి తగ్గుతాయి. హమ్మయ్య అనుకుంటాం. ఒక్కోసారి అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

ఆ సీసాలో ఏముంటుంది?

లేబుల్ మీద డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసొలోన్.. వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. చాలా చుక్కల్లో దీన్ని యాంటీబయాటిక్‌తో కలిపి ఇస్తారు, అందుకే మనం యాంటీబయాటిక్ వేసుకుంటున్నాం అనుకుంటాం. కీటోరోలాక్, ఫ్లర్బిప్రోఫెన్ లాంటివి స్టెరాయిడ్ కాని రకం. రెండు రకాలూ చేసేది ఇన్‌ఫ్లమేషన్ తగ్గించడమే. అంటే దెబ్బ తగిలినచోట శరీరం పుట్టించే వేడి, ఎరుపు, వాపు, నొప్పి.

కార్నియా అంటే నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పొర. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరే. అందులో రక్తనాళాలు ఉండవు కాబట్టే అంత స్వచ్ఛంగా ఉంటుంది. పైపైన గీసుకుంటే పక్కనున్న కణాలు జరుగుతూ వచ్చి గాయాన్ని కప్పేస్తాయి. చిన్న గీత ఒకటి నుంచి మూడు రోజుల్లో మానిపోతుంది. గాయం లోతుగా దిగి క్రిములు చేరితేనే చిక్కు. వాటిని చంపడానికి తెల్లరక్తకణాలు పరుగెత్తుకొస్తాయి. కానీ అవి వదిలే ఎంజైములు క్రిములతో పాటు కార్నియాలోని కొల్లాజెన్‌నూ కరిగిస్తాయి. మానాక మిగిలే తెల్ల మచ్చనే మన పెద్దాళ్లు 'కంట్లో పువ్వు' అంటారు.

మరి ఆ ఇన్‌ఫ్లమేషన్‌ను స్టెరాయిడ్‌తో ఆపేస్తే మచ్చ తగ్గదా? డాక్టర్లకూ వచ్చిన డౌటే ఇది. 'స్కట్' పేరుతో 500 మంది మీద పెద్ద ట్రయల్ చేశారు. వీళ్లలో ఎక్కువమంది తమిళనాడు అరవింద్ కంటి ఆసుపత్రుల్లో చేరినవాళ్లే. అందరివీ బ్యాక్టీరియా పుండ్లే అని టెస్టులో తేలాకే తీసుకున్నారు. ముందు 48 గంటలు యాంటీబయాటిక్ వేసి, ఆ తర్వాతే కొందరికి స్టెరాయిడ్ కలిపారు. 2012లో రిజల్ట్ వచ్చింది. మూడు నెలలకు చూపులో మొత్తమ్మీద చెప్పుకోదగ్గ తేడా లేదు! చూపు బాగా పడిపోయినవాళ్లకు మాత్రం కొంత మేలు కనిపించింది. అది కూడా ఏ క్రిమో తెలిశాక, డాక్టర్ల కళ్ల ముందు.

పొలంలో తగిలిన దెబ్బ వేరు

ఆకు, పొట్టు, మట్టి గుచ్చుకుంటే కంట్లోకి వచ్చేది చాలాసార్లు ఫంగస్. దక్షిణ భారతంలో కార్నియా పుండ్లలో పెద్ద వాటా దానిదే. ఫంగస్ ఉన్న కంట్లో స్టెరాయిడ్ వేస్తే కాపలా కుక్కను కట్టేసి దొంగకు తలుపు తీసినట్టే. పైకి ఎరుపు తగ్గుతుంది, లోపల ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది. దీనికి మందు నాటామైసిన్ చుక్కలు. వారాల తరబడి వేయాలి. ఏ క్రిమో తేల్చడానికి పుండు నుంచి కొంచెం గీకి మైక్రోస్కోప్ కింద చూస్తారు.

స్టెరాయిడ్ కాని చుక్కలైతే సేఫ్ అనుకోవద్దు. నొప్పి తగ్గిస్తాయి నిజమే. పైపొర దెబ్బతిన్న కంట్లో రోజుల తరబడి వాడితే మానడం ఆలస్యమవుతుంది, అరుదుగా కార్నియా కరిగిపోతుంది కూడా. ఇక పసరు, చనుబాలు, ఆముదం.. దయచేసి వద్దు.

చెరువు సున్నం పడితే సీన్ రివర్స్

కొల్లేరు చుట్టూ చేపల చెరువుల్లో సున్నం చల్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. సున్నం క్షారం, కార్నియాలోకి చకచకా దిగిపోతుంది. వెంటనే శుభ్రమైన నీళ్లతో కనీసం అరగంట కడుగుతూనే ఉండాలి. రెప్పల కింద ఇరుక్కున్న పలుకులు కూడా పోవాలి. ఆ తర్వాతే ఆసుపత్రి. ఇక్కడ క్రిమి లేదు, కాలిన గాయం ఉంది. అందుకే మొదటి వారం పది రోజులు డాక్టర్లే స్టెరాయిడ్ చుక్కలు రాస్తారు! కొల్లాజెన్ కరగకుండా విటమిన్ సి, డాక్సీసైక్లిన్ ఇస్తారు. గాయం పెద్దదైతే కాన్పులో సేకరించిన ఉమ్మనీటి సంచి పొరను కంటి మీద పరుస్తారు. ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే గుణం ఆ పొరకే సహజంగా ఉంది.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు దగ్గర్లోని కంటి డాక్టర్. కార్నియా స్పెషలిస్టు కావాలంటే విజయవాడ తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి క్యాంపస్ ఉంది. అన్నట్టు, 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఆ సంస్థకు స్థలం, కోటి రూపాయలు ఇచ్చిన సినీ దర్శకుడు ఎల్వీ ప్రసాద్ పుట్టింది ఏలూరు పక్కనున్న సోమవరప్పాడులోనే.

నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, నీళ్లు కారడం ఒక రోజు దాటినా, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనిపించినా ఆగొద్దు. అప్పటికే ఏవైనా చుక్కలు వేసుంటే ఆ సీసా జేబులో పెట్టుకెళ్లండి. డాక్టర్ ముందు అడిగేది అదే.